శనివారం రాత్రి ప్రభువు బల్లకు సిద్ధపడడం ఎలా

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన. బల్లకు ముందు అయ్యగారు (మా పాస్టరు) పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక తీసి, "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని చదువుతారు. ఆ వెంటనే అందరం కలిసి ఒప్పుకోలు ప్రార్థన చెప్పేస్తాం. చిన్నప్పటినుంచి కంఠతా వచ్చిన ప్రార్థన కాబట్టి నోరు దాని దారిన అది పోతుంది. మనసేమో ఇంటికెళ్ళి వండాల్సిన కూర దగ్గర ఉంటుంది. పరీక్షించుకోవడానికి అక్కడ దొరికే టైము అర నిమిషం కూడా కాదు.

అందుకే మా శనివారం స్త్రీల కూడికలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే: "అమ్మా, పరీక్షించుకోమంటారు సరే, ఎలా పరీక్షించుకోవాలి?" నేను గుంటూరులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. వేదాంత కళాశాలలో చదవలేదు. బైబిలు, చిన్నప్పుడు కన్ఫర్మేషన్ క్లాసుల్లో (సంఘంలో పూర్తి సభ్యులయ్యే ముందు చెప్పే పాఠాల్లో) నేర్చుకున్న క్యాటకిజం అనే ప్రశ్న-జవాబుల పుస్తకం, కూడికలో అక్కచెల్లెళ్ళతో కలిసి నేర్చుకున్నది, ఇంతే నా దగ్గర ఉన్నది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ఈ పని శనివారం రాత్రే పెట్టుకోండి. ఆదివారం పొద్దున పిల్లల జడలు, ఇస్త్రీలు, ఆటో కోసం పరుగుల మధ్య ఇది కుదరదు. అంట్లు తోముకుని, ఇంట్లోవాళ్ళు పడుకున్నాక, ఫోన్ వేరే గదిలో పెట్టేసి కూర్చోండి. మంచం మీద వద్దు, నిద్ర వచ్చేస్తుంది. అరగంట చాలు. గంటలకొద్దీ కూర్చుంటే ఎక్కువ పవిత్రత వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

కూర్చోగానే పాపాల లెక్క మొదలుపెట్టకండి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ముందు యోహాను మొదటి పత్రిక మొదటి అధ్యాయం తెరిచి అయిదో వచనం నుంచి చివరిదాకా నిదానంగా, పెదవులు కదిలేలా చదవండి. యోహాను ఏది ముందు చెప్పాడో చూడండి. "దేవుడు వెలుగై యున్నాడు" అన్నది ముందు. మన పాపాల మాట, ఒప్పుకోలు మాట ఆ తర్వాతే. యెషయా ప్రవక్త కూడా అంతే. దేవాలయంలో ప్రభువును చూశాకే తన పెదవులు అపవిత్రమైనవని కేక వేశాడు. పేతురు రాత్రంతా వల వేసి ఏమీ పట్టలేకపోయినప్పుడు తన పాపం గురించి ఒక్క మాట అనలేదు. యేసు మాట మీద వల వేసి, పిగిలిపోయేంత చేపలు చూశాక మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, నన్ను విడిచిపొమ్ము, నేను పాపాత్ముడను" అన్నాడు. ఆయన మంచితనం ఎదురుగా కనబడితేనే మన లోపలిది మనకు కనబడుతుంది. కాబట్టి ఆ వారం దేవుడు చేసిన మేళ్ళు రెండు మూడు పేరు పెట్టి తలచుకోండి. జ్వరం తగ్గింది, ఆగిపోయిన జీతం పడింది, ఎవరో అడక్కుండానే సాయం చేశారు. ఇది ముందుమాట అనుకుని దాటెయ్యకండి. సగం పని ఇక్కడే ఉంది.

తర్వాత 139వ కీర్తన చివరి రెండు వచనాలు ప్రార్థనగా చెప్పండి: "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." ఆ వచనాలకు సరిగ్గా ముందు దావీదు ఏమంటున్నాడో ఎప్పుడైనా గమనించారా? నిన్ను ద్వేషించేవాళ్ళను నేనూ ద్వేషిస్తున్నాను గదా, వాళ్ళు నాకు శత్రువులే అంటున్నాడు. అంత గట్టిగా ఇతరుల చెడుతనం చెప్పిన నోటితోనే, ఆగి, నన్ను కూడా చూడు స్వామీ అంటున్నాడు. తన కోపం నీతిగా ఉందని తనకు అనిపిస్తున్నా, దాన్ని కూడా వెలుగులో పెట్టాడు. నాకు ఆ కీర్తనలో అన్నిటికంటే విలువైన చోటు అదే.

మనల్ని మనం వెతుక్కుంటే చాలదా, దేవుణ్ణి వెతకమనడం ఎందుకు అని అడుగుతారు. యిర్మీయా 17వ అధ్యాయంలో జవాబుంది. హృదయం అన్నిటికంటే మోసకరమైనది, ఘోరమైన వ్యాధి గలది, దాన్ని ఎవరు గ్రహించగలరు అని అడిగి, వెంటనే తర్వాతి వచనంలో హృదయాన్ని పరిశోధించేవాణ్ణి నేనే అని దేవుడు చెబుతాడు. వార్డులో చూసేదాన్ని, లోపల చీము పట్టిన పుండు కూడా పైకి చక్కగా మూసుకుని ఉంటుంది. పేషెంటు తగ్గిపోయిందనే చెబుతాడు. లైటు దగ్గరికి తెచ్చి, చుట్టూ నొక్కి చూసి, తెరిచి శుభ్రం చేస్తే గానీ కట్టు కట్టకూడదు. ఆ లైటు పట్టుకున్నది పేషెంటును తిట్టడానికి కాదు.

ఇప్పుడు వారాన్ని వెనక్కి చూసుకోండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న క్యాటకిజంలో ఒక మంచి సలహా ఉంది. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చిన దగ్గరినుంచి మా లూథరన్ ఇళ్ళల్లో తరతరాలుగా నేర్చుకుంటున్న పుస్తకం అది. ఏ పాపాలు ఒప్పుకోవాలి అన్న ప్రశ్నకు అందులో పెద్ద జాబితా లేదు. పది ఆజ్ఞల వెలుగులో నీ స్థానం ఏమిటో చూసుకో అంటాడు. నువ్వు తండ్రివా, తల్లివా, కొడుకువా, కూతురివా, యజమానివా, పనివాడివా? అక్కడ అవిధేయత చూపావా, సోమరిగా ఉన్నావా, ఎవరినైనా మాటతో గాయపరిచావా? ఇంత తేలిక ప్రశ్న ఎంత లోతుకు పోతుందో చేసి చూస్తే తెలుస్తుంది. అత్తగా కూర్చుని చూసుకుంటే ఒకటి కనబడుతుంది. పనమ్మాయికి జీతం ఇచ్చే మనిషిగా చూసుకుంటే ఇంకోటి. ఒక్కో నెల ఒక్కో స్థానం తీసుకోండి. అన్నీ ఒకే రాత్రి వద్దు.

చేసిన పని దగ్గర ఆగిపోకుండా దాని కిందికి దిగడమే అసలు విషయం. మార్కు ఏడో అధ్యాయంలో యేసు మనిషి లోపలినుంచి వచ్చేవి వరసగా చెబుతాడు. నరహత్య, వ్యభిచారం ఉన్న ఆ వరసలోనే లోభం, మత్సరం, అహంభావం కూడా ఉన్నాయి. మనం మొదటివి చూసి హమ్మయ్య అనుకుంటాం, తక్కినవి చదవకుండానే పేజీ తిప్పుతాం.

మా కూడికలో ఒక చెల్లికి జరిగింది చెబుతాను. నలుగురికీ ఉపయోగపడుతుందంటే రాయమని తనే అంది. వాళ్ళ తోటికోడలి కూతురికి ఇంటర్‌లో వెయ్యికి 968 వచ్చాయి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మార్కుల మెమో పెట్టారు. అందరూ కంగ్రాట్స్ అంటూ పూలగుత్తులు పెడుతున్నారు. ఈ చెల్లి కాసేపు చూసి, "ప్రాక్టికల్స్ కలిపేనా?" అని ఒక్క ప్రశ్న పెట్టింది. అంతే. బూతు కాదు, అబద్ధం కాదు. ఎవరైనా అడిగితే ఊరికే అడిగాను అని చెప్పొచ్చు. కానీ వెయ్యి మార్కుల్లో ప్రాక్టికల్స్ కలిసే ఉంటాయని ఇంటర్ పిల్లలున్న ఏ తల్లికైనా తెలుసు. ఈమెకూ తెలుసు.

ఆ శనివారం మేమిద్దరం కూర్చున్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకున్నాం. ఏం చేశాను? గ్రూపులో ఒక మాట అడిగాను. ఆ మాటతో నాకేం కావాలనిపించింది? ఆ పిల్ల మార్కులు అందరి కళ్ళల్లో కాస్త తగ్గాలనిపించింది. అది చెప్పడానికే చాలాసేపు పట్టింది. మూడోది, నేను దేనికి భయపడ్డాను? ఇక్కడ ఏడ్చింది. వాళ్ళబ్బాయి రెండుసార్లు సప్లిమెంటరీ రాశాడు. అత్తగారు ఇద్దరు మనవల్నీ పోల్చి చూస్తుందని, ఆ ఇంట్లో తన కొడుక్కీ తనకీ విలువ పోతుందని భయం. పైన కనబడింది ఒక ప్రశ్న. దాని కింద మత్సరం. మత్సరం కింద, నా బిడ్డను దేవుడు చూసుకుంటాడన్న నమ్మకం లేకపోవడం. వెలుగు అక్కడిదాకా పోయింది. ఆమె ఒక్కతే కూర్చుని ఉంటే "అలా అడగకుండా ఉండాల్సింది" అన్న దగ్గరే ఆగిపోయి ఉండేదని తనే చెప్పింది.

మీరు కూడా ఆ మూడు ప్రశ్నలే వాడండి. నాలుగోది అక్కర్లేదు. జవాబు రాని రోజు రాలేదని దేవుడితో చెప్పి లేవండి.

ఒప్పుకునేటప్పుడు గొంతు విప్పి, ఇంట్లో మాట్లాడే భాషలో ఒప్పుకోండి. "తెలిసీ తెలియక చేసిన పాపములు క్షమించు తండ్రీ" అన్న మాటతో మొదలుపెట్టకండి. తెలిసి చేసినవాటిని ఆ మాట కింద దాచేస్తాం. తెలియనివాటికీ చోటుంది, రహస్య తప్పులు క్షమించమని 19వ కీర్తనలో ఉంది. కానీ తెలిసినవాటికి పేర్లు పెట్టాకే అక్కడికి రండి. "ఆ అమ్మాయి మీద అసూయపడ్డాను ప్రభువా" అనండి. వెనకాలే "కానీ ఆమె కూడా" అని వస్తుంది చూడండి, ఆ "కానీ" ముందు ఆగిపోండి. ఆమె సంగతి దేవుడు వేరే చూసుకుంటాడు.

తర్వాత ఆ యోహాను పత్రికలోని తొమ్మిదో వచనం మళ్ళీ చదవండి. ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు, నీతిమంతుడు కాబట్టి క్షమిస్తాడని ఉంది. మనం బాగా ఏడ్చాం కాబట్టి అని లేదు. చదివి, "క్షమించావు, వందనాలు" అని చెప్పి ముగించండి. ఆదివారం అయ్యగారు క్షమాపణ ప్రకటించినప్పుడు, నిన్న రాత్రి పేరు పెట్టి చెప్పుకున్న దానికే ఈ మాట అని వినండి. అదే పాపాన్ని వచ్చే శనివారం మళ్ళీ తవ్వకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా అవసరం. లూథర్ జర్మనీలోని ఎర్ఫర్ట్ మఠంలో సన్యాసిగా ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు. బయటికి వచ్చాక ఇంకోటి గుర్తొచ్చి మళ్ళీ పరుగెత్తేవాడు. ఎంత తవ్వినా అతనికి నెమ్మది దొరకలేదు. "నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును" అన్న రోమా పత్రిక మాట అర్థమైనప్పుడు దొరికింది. గంటలకొద్దీ కూర్చోవద్దని అందుకే అన్నాను. వెలుగుకూ నిందకూ తేడా తెలుసుకోండి. వెలుగు ఒక సంగతిని స్పష్టంగా చూపిస్తుంది, చెయ్యాల్సిన పని కూడా చూపిస్తుంది. నింద మాత్రం "నువ్వెప్పుడూ ఇంతే, నీకు క్షమాపణ లేదు" అని గుండెల మీద కూర్చుంటుంది. అలా నేరం మోపేవాడు సాతాను అని ప్రకటన గ్రంథం చెప్పింది, అతని మాట వినాల్సిన పనిలేదు. నిద్ర పట్టకుండా, తిండి సహించకుండా ఎప్పుడూ అపరాధ భావంతో ఉండేవాళ్ళు ఈ పరీక్ష చెయ్యకండి. 103వ కీర్తన చదువుకుని పడుకోండి, అయ్యగారితో మాట్లాడండి, డాక్టరుకు చూపించుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళడం విశ్వాసం తక్కువై కాదు. భర్త చేతిలో దెబ్బలు తింటున్న ఆడపిల్లకు "ముందు నీలో పాపం వెతుక్కో" అని చెప్పేవాళ్ళను చూశాను. అది ఈ వాక్యాలు చెప్పే మాట కాదు. ఆమెకు ముందు కావాల్సింది భద్రమైన చోటు.

ఇక మనిషి దగ్గరికి వెళ్ళడం. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి, ముందు వెళ్ళి నీ సహోదరునితో సమాధానపడు అని మత్తయి అయిదో అధ్యాయంలో యేసు చెప్పాడు. కానీ లోపల కదిలిన ప్రతిదీ అవతలి మనిషికి చెప్పక్కర్లేదు. "నీ మీద ఇన్నాళ్ళూ అసూయ ఉండేది" అని పోయి చెబితే మన బరువు దించి వాళ్ళ నెత్తిన పెట్టినట్టవుతుంది. బయటికి వచ్చి గాయం చేసిన దానికే క్షమాపణ అడగాలి, అది ఎక్కడ చేశామో అక్కడే అడగాలి. ఆ చెల్లి అదే గ్రూపులో, "నిన్న నేనడిగిన మాట బాగోలేదు, సారీ. తల్లీ, చాలా బాగా చదివావు, మాకందరికీ సంతోషం" అని పెట్టింది. సంజాయిషీ ఏమీ చేర్చలేదు. డబ్బు సంగతైతే డబ్బే తిరిగివ్వాలి. అన్యాయంగా పన్ను వసూలు చేసిన జక్కయ్య యేసును కలిశాక నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, కనీసం తీసుకున్నంతైనా మనం ఇవ్వాలి. ఇంకో మాట, కూడికలో ఎవరైనా తమ పాపం చెప్పుకుంటే దాన్ని "ఫలానా ఆమె గురించి ప్రార్థన చెయ్యండి" అంటూ ఇంకొకరికి మొయ్యకండి. ప్రార్థన పేరుతో నడిచే చాడీలు మన సంఘాల్లో ఎన్ని ఇళ్ళను విడదీశాయో తలచుకుంటే నాకు కడుపు మండుతుంది.

అవతలివాళ్ళు ఫోన్ ఎత్తకపోవచ్చు, మొహం తిప్పుకోవచ్చు. శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు సమాధానంగా ఉండండి అని పౌలు రాశాడు. మీ చేతనైంది మీరు చేశారు. బల్లకు రండి.

ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, నాకు యోగ్యత లేదంటూ నెలల తరబడి వెనక బెంచీలో కూర్చుండిపోయేవాళ్ళు ఉన్నారు. కొరింథులో పౌలు మందలించింది ఎవరిని? ముందే వచ్చి కడుపునిండా తిని తాగి, పేదవాళ్ళను ఆకలితో నిలబెట్టి సిగ్గుపరిచినవాళ్ళను. పాపం తెలుసుకుని వణికేవాళ్ళను కాదు. పరీక్షించుకొనవలెను అన్న మాట వెనకే ఏముందో చదవండి: "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." మానుకోమని లేదు. శనివారం ఆ అరగంట కూర్చోండి, ఆదివారం లేచి ముందుకు నడవండి. పక్కన మోకరించింది మీరు గ్రూపులో మాట అన్న తోటికోడలే అయినా సరే, అక్కడే మోకరించండి.