మాంటిస్సోరి గదిలో పరికరాలను అరల్లో అమర్చే పద్ధతి

1907లో రోమ్ నగరంలోని శాన్ లోరెంజో పేటలో ఇటలీ వైద్యురాలు, విద్యావేత్త మరియా మాంటిస్సోరి తొలి బాలగృహాన్ని, అంటే చిన్నపిల్లల బడిని తెరిచినప్పుడు, పిల్లలు చేతులతో వాడుతూ నేర్చుకునే పరికరాలన్నీ బీరువాలో ఉండేవి. ఉపాధ్యాయురాలు తాళం తీసి పిల్లలకు అందించేది. ఒకనాడు ఆమె తాళం వేయడం మరచిపోవడంతో, పిల్లలు తమకు నచ్చినవి తామే తీసుకుని పనిలో పడ్డారు. అందులో అల్లరిని కాక ఎంపికను చూసిన మాంటిస్సోరి, ఆ బీరువాకు బదులు పిల్లలకు అందే పొట్టి అరలు పెట్టించారు.

కాబట్టి పెద్దవాళ్లను అడగకుండానే పిల్లలు వస్తువును చూసి, తీసుకుని, వాడి, మళ్లీ అదే చోట పెట్టగలగడమే మంచి అమరికకు గుర్తు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల గదిలో పై అర వారి కంటి ఎత్తును దాటకూడదు, అరలకు తలుపులు ఉండకూడదు. సర్దడం పూర్తయ్యాక మీరు మోకాళ్ల మీద కూర్చుని ఒకసారి చూడండి.

నిత్యజీవన పనులు, ఇంద్రియ పరికరాలు, భాష, గణితం, సంస్కృతి అనే విభాగాలకు వేర్వేరు అరలు కేటాయించి, నీళ్లతో పని ఉండే వాటిని కుళాయి దగ్గర ఉంచాలి. ప్రతి అరలోనూ ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, తేలికైన దానితో మొదలుపెట్టి కష్టమైన దాని వైపు సాగాలి. తెలుగు భాషా విభాగంలో ముందు వేలితో తడిమి నేర్చుకునే గరుకు కాగితపు (సాండ్‌పేపర్) అక్షరాలు, తరువాత పదాలు కూర్చే విడి అక్షరాల పెట్టె వస్తాయి. గుణింతపు గుర్తులకు, వత్తులకు ఆ పెట్టెలో వేరే గళ్లు ఉంటే పిల్లలు తడుముకోరు.

ఒక పనికి కావలసినవన్నీ ఒకే ట్రేలో ఉండాలి. పెసలను ఒక జగ్గులోంచి ఇంకోదానిలోకి వంచే పనికైతే రెండు చిన్న జగ్గులు, వాటిలో ఒకదాని నిండా పెసలు, కింద ఒలికినవి ఎత్తడానికి చిన్న గిన్నె కావాలి. నీళ్లు వంచే పనికి ఆ గిన్నెకు బదులు తుడిచే గుడ్డ పెట్టాలి. పిల్లలు రెండు చేతులతో మోయగలిగేంత ట్రేనే ఎంచుకుని, ట్రేకీ ట్రేకీ మధ్య జానెడు ఖాళీ వదలాలి. మీటరు పొడవు దాకా ఉండే ఎర్ర చెక్క కడ్డీలను (రెడ్ రాడ్స్‌ను) మాత్రం, మోసుకెళ్లేటప్పుడు ఎవరికీ తగలకుండా, అటూ ఇటూ చోటున్న మూలన పెట్టాలి.

తల్లిదండ్రులు మెచ్చుకుంటారని కొన్న ప్రతి వస్తువునూ బయట పెట్టడం పాఠశాలల్లో తరచు కనిపించేదే, కానీ అది దుకాణం అమరిక. పిల్లలకు చూపించినవి, త్వరలో చూపించబోయేవి మాత్రమే అరలో ఉండాలి, అవి కూడా ఒక్కొక్కటే. ఒకదానిపై ఒకటి పేర్చే గులాబీ రంగు ఘనాల పరికరం, పింక్ టవర్, ఒక్కటే ఉన్నప్పుడు రెండో పిల్లవాడు తన వంతు కోసం ఆగడం నేర్చుకుంటాడు.

రోజూ సాయంత్రం లెక్క చూసుకోవాలి. పింక్ టవర్‌లోని పది ఘనాల్లో సెంటీమీటరు ఘనం ఒక్కటి కనిపించకపోయినా, అది దొరికేదాకా మొత్తం పరికరాన్ని అర నుంచి తీసేయడమే మేలు. పిల్లలు వస్తువులను వాటి చోటును బట్టే గుర్తుపెట్టుకుంటారు కనుక, రాత్రికి రాత్రి గదంతా మార్చకుండా, ఒకటి రెండు మార్పులు చేసి మర్నాడు వారికి చూపించండి.