సోయా కాయ ఒలిచి చూడండి

మొన్న పక్క చేను రైతు గుప్పెడు సోయా కాయలు తెచ్చి నా చేతిలో పోశాడు. పైకి నిండుగానే ఉన్నాయి. ఒలిస్తే సగం గింజలు నొక్కుకుపోయి, పొట్టు మీద గోధుమరంగు చుక్కలు. "ఆకు పచ్చగ ఉంటే పంట మంచిగుందనే అనుకున్నన్నా" అన్నాడు. ఏటా ఎవరో ఒకరి నోట ఇదే మాట. ఆకు చూసి ఊరుకోవడమే మనల్ని ముంచుతోంది.

ఆదిలాబాద్, నిర్మల్ వైపు ఆగస్టు చివరి నుంచి కాయలో గింజ నిండుతుంది. ముందు పెరిగేది పొట్టు, పప్పు ఆ తర్వాత నిండుతుంది. ఎండిన గింజ బరువులో పొట్టు దాదాపు 8 శాతమే అయినా, పప్పుకు చక్కెర అందేది దానిలోంచే. పొట్టు కణాల గోడల్లో ఉండేవి సెల్యులోజు, హెమీసెల్యులోజు, పెక్టిన్ అనే పిండిపదార్థాలు. గింజ ముదిరేదాకా ఆ గోడలు గట్టిపడవు. రసం పీల్చే పురుగు పచ్చనల్లి, దాని సూదిమూతి కాయను, ఆ లేత పొట్టును దాటి పప్పులో దిగుతుంది. లాలాజలం వదిలి, పప్పును కరిగించి పీలుస్తుంది. ఆ రంధ్రంలోంచే బూజు కూడా చేరుతుంది. లద్దెపురుగు ఆకు తింటే కంటికి కనిపిస్తుంది, ఇది కనిపించదు. పైగా గింజ పాడైన మొక్క ఒక్కోసారి పండక పచ్చగానే నిలిచిపోతుంది. ఆ పచ్చదనాన్ని నమ్మకండి.

చూడడానికి పొద్దున్నే వెళ్లండి, అప్పుడు నల్లులు పైకొమ్మల మీదే ఉంటాయి. గట్ల వెంట మొదలుపెట్టండి, చేలోకి అవి అటునుంచే వస్తాయి. ఆకు అడుగున పీపాల్లా వరుసగా పేర్చినట్టున్న గుడ్లు కనిపిస్తే ఆ ఆకు తుంచి నలిపేయండి.

పది చోట్ల కాయలు కోయండి. ఒలవండి. ఆకు చూసి వెనక్కి రావద్దు.

పత్తికి మిగిలిన మందు సోయాకు కొట్టొద్దు. డబ్బా మీద సోయా పేరు లేకపోతే ముట్టుకోవద్దు. రెండు మూడు మందులు కలపొద్దు. గాలికి ఎదురుగా కొట్టొద్దు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా దిగొద్దు. మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద ఉంటుంది, అన్ని రోజులూ ఆగండి. నల్లి కుట్టిన చేను నుంచి విత్తనం దాచొద్దు. మంచి చేను విత్తనమైనా నూర్పిడి యంత్రం నిమిషానికి 400 చుట్లు దాటనివ్వొద్దు, మొలక ఆ పలుచని పొట్టు కిందే ఉంటుంది. బస్తాలు ఎత్తి పడేయొద్దు. వారం తర్వాత మళ్లీ వెళ్లండి, మళ్లీ ఒలవండి.