ఆడిషన్ ముందురోజు క్లారినెట్ మొరాయిస్తే

అంతవరకూ బాగా పలికిన క్లారినెట్ ఉన్నట్టుండి కీచుమన్నా, గాలి బుస్సుమని పోతూ స్వరం రాకపోయినా, ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయండి. నేను విజయనగరంలో బ్యాండు మేళంలో వాయిస్తాను, సాయంత్రాలు పిల్లలకు నేర్పుతాను. విశాఖ రేడియో స్టేషన్‌లో ఆడిషన్ ఉందనో, మిలిటరీ బ్యాండు సెలక్షన్ ఉందనో పిల్లలు ముందురోజు రాత్రి వాద్యం పట్టుకుని పరుగెత్తుకొస్తారు. చాలామంది విషయంలో రీడు (నోట్లో పెట్టుకునే చోట బిగించే సన్నని రెల్లు బద్ద) మార్చితేనో, జాయింటు (వాద్యం ముక్కలు కలిసే చోటు) కాస్త తిప్పితేనో సరిపోతుంది. కానీ వచ్చేలోపే టెన్షన్‌లో నాలుగు స్క్రూలు కదిపేసి ఉంటారు. ఇక అసలు తప్పు ఏది, కొత్తగా చేరింది ఏది అని విడదీయడానికే రాత్రంతా పడుతుంది.

పైగా మా ఊళ్ళో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. వయొలిన్ తంత్రి తెగితే ఎవరో ఒకరు అందుకుంటారు. క్లారినెట్ ప్యాడ్, అంటే మీట కింద రంధ్రాన్ని మూసే మెత్త, ఊడితే మాత్రం రాత్రికి రాత్రి చేసిపెట్టే మనిషి దొరకడం కష్టం. కాబట్టి సొంతంగా వెతకడం నేర్చుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక అదే స్వరాన్ని అంతే బలంతో ఊదండి. తేడా రాకపోతే దాన్ని ఎప్పటిలా పెట్టేసి, తర్వాతదానికి వెళ్ళండి.

మొదట నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్, దాని కింది పొట్టి గొట్టం బ్యారెల్ మాత్రం కలిపి ఊదండి. ఒకే స్వరం గట్టిగా, వణక్కుండా వస్తే తప్పు కింద ఉంది. అక్కడే గరగరలాడినా, కీచుమన్నా రీడునే చూడాలి. తీసి వెలుతురుకు అడ్డం పెట్టండి. కొస దగ్గర సన్నని చీలిక కనిపిస్తే దాన్ని పారేయడమే, మరో మాట లేదు. చీలిక లేకుండా కొస అలలు తేలి ఉంటే అది ఎండి వంకరపోయింది. తాగేనీళ్ళలో రెండు మూడు నిమిషాలు నానబెట్టి, చదునైన వైపు అద్దం ముక్కకు ఆనేలా పెట్టి, బొటనవేలితో నొక్కి ఉంచండి. చాలావరకు సర్దుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు రీడు కొసకు పైన మౌత్‌పీస్ నలుపు వెంట్రుకవాసి కనబడాలి, రెండు పక్కలా సమానంగా ఉండాలి. రీడును పట్టి ఉంచే పట్టీ, అదే లిగేచర్, దాని స్క్రూలు రీడు కదలకుండా ఉండేంత బిగిస్తే చాలు. భయంతో ఇంకో చుట్టు తిప్పితే రీడు ఊపిరాడక మొద్దుబారుతుంది.

మనవైపు గాలిలో తేమ ఎక్కువ. ఇక్కడ మెత్తగా పలికిన రీడు ఆడిషన్ జరిగే ఏసీ గదిలోకి వెళ్ళగానే ఎండిపోయి మొండికేస్తుంది. అందుకే కొన్ని రోజులు వాయించి అలవాటైన రీడులు మూడైనా దగ్గర ఉంచుకోమంటాను. ఆడిషన్ రోజు పెట్టె తెరిచి కొత్త రీడు పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

రీడు బాగానే ఉంటే వాద్యమంతా కలిపి, వేళ్ళన్నీ తీసిన స్వరం నుంచి ఒక్కో వేలూ మూస్తూ కిందికి దిగండి. ఎక్కడ గాలి బరువెక్కి స్వరం నీరసపడిందో అక్కడో, దానికి కాస్త పైనో కారుతోంది. ఎడమచేతి మూడు వేళ్ళ వరకూ బాగుండి కుడిచెయ్యి పెట్టగానే పోతే, పై కింది భాగాలను కలిపే చిన్న వంతెన మీట చూడండి. ఆ రెండు ముక్కలూ ఎదురెదురుగా నిలవాలి. కొద్దిగా మెలితిరిగి ఉన్నా కుడిచేతి రంధ్రాల చుట్టూ ఉండే రింగులు పూర్తిగా కూర్చోవు. క్లారినెట్ మీటల అమరికలో రకాలున్నాయి; 17 మీటల బోమ్ రకంలో ఈ ఇబ్బంది ఎక్కువ. బ్యాండుల్లో తిరిగే 13 మీటల పాత ఆల్బర్ట్ రకం కొన్నిటికి ఆ వంతెనే ఉండదు.

మౌత్‌పీస్ ఒంటరిగా బాగా పలికి, కింద అన్ని స్వరాలూ పేలవంగా వస్తే బోమ్ రకంలో నేను ముందు అనుమానించేది పై భాగంలో ఎడమ చూపుడువేలితో నొక్కే మీట మీది చిన్న స్క్రూని. అది వణుకుకి తనంతట తానే దిగుతుంది. దిగితే పక్క మీట కింద ప్యాడ్ సన్నగా తెరుచుకునే ఉంటుంది. ముందురాత్రి తిప్పడానికి నేను ఒప్పుకునే స్క్రూ ఇదొక్కటే, అదీ పావు చుట్టు వెనక్కి. అనుమానం తీరాలంటే సిగరెట్ కాగితం ముక్క ప్యాడ్ కింద పెట్టి, మూసి, మెల్లగా లాగండి. అన్ని వైపులా ఒకేలా పట్టాలి. ఒకవైపు జారిపోతే కారేది అక్కడే.

కింది స్వరం ఊదితే దానంతట అదే పైకి ఎగిరితే, వెనక బొటనవేలి మీట ప్యాడ్ సరిగ్గా మూసుకోవడం లేదు. పై స్వరాలు ఉమ్మి పట్టినట్టు వస్తే ఆ మీట కింది సన్నని గొట్టం మూసుకుపోయి ఉంటుంది. కోడి ఈక కొసతో తుడవండి. పుల్ల దూర్చకండి, లోపల విరిగితే తీయలేం. ఏదో ఒక్క స్వరమే గురగురలాడితే ఆ రంధ్రంలో నీరు నిలిచింది. మీట తెరిచి ఆ రంధ్రంలోకి గట్టిగా ఊది, ప్యాడ్ కింద కాగితం పెట్టి నొక్కి ఆరబెట్టండి.

తడిసి ప్యాడ్ పొర చిరిగితే ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు ఒక పొర చుట్టండి, మర్నాటికి సరిపోతుంది. ప్యాడ్ ఊడి పడిపోతే రెండువైపులా అంటుకునే టేపు చిన్న ముక్కతో తిరిగి పెట్టండి. ఫెవిక్విక్ మాత్రం వద్దు, దయచేసి వద్దు. తర్వాత దాన్ని తీసేటప్పుడు ప్యాడ్ కూర్చునే మీట కప్పును గోకాల్సి వస్తుంది. స్ప్రింగు విరిగితే, మామూలుగా మూసి ఉండే మీటైతే సన్నని రబ్బర్ బ్యాండు చుట్టి నెట్టుకురావచ్చు. జాయింటు కార్కు అరిగి వదులైతే దర్జీ నూలు దారానికి కొవ్వొత్తి మైనం రాసి వరుసగా చుట్టండి. మేళాల్లో పెద్దలు ఎప్పటినుంచో చేసేది ఇదే.

ఇవన్నీ చూశాక కూడా కీచు పోకపోతే వాద్యం తెలిసిన మరొకరి చేతికి ఇవ్వండి. వాళ్ళకు బాగా పలికితే తప్పు వాద్యానిది కాదు. భయం వేస్తే పళ్ళూ పెదవీ బిగుసుకుంటాయి, రీడు నలుగుతుంది, శ్రుతి పైకి పోతుంది. కుడి చూపుడువేలి పక్కభాగం పక్కమీటలకు తగులుతుంది. ఆ కీచుల్లో సగం ఇక్కడినుంచే వస్తాయి. గడ్డం దించి, ఒక్క స్వరం మెత్తగా, పొడుగ్గా ఊదుతూ పెదవిని వదిలించండి. ఈ పని నేను పిల్లలతో ఎంతసేపైనా చేయిస్తాను.

విశాఖ మనకు అరవై కిలోమీటర్ల దూరం. బస్సులో వెళ్ళినా, రైల్లో వెళ్ళినా పెట్టెను ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి. ఏసీ గదిలో వాద్యం చల్లబడి శ్రుతి కిందికి జారుతుంది. లోపలికి పిలిచేముందు స్వరం రాకుండా వెచ్చని ఊపిరి కాసేపు పోసి, అప్పుడు తంబురాతో చూసుకోండి. ఇంకా తక్కువుంటే బ్యారెల్ కొద్దిగా లోపలికి నెట్టాలి. ఎక్కువుంటే బయటికి లాగాలి. వాయిస్తుండగా మౌత్‌పీస్‌లో ఉమ్మి చేరి గరగరమంటే ఆగిపోకండి. సంగతికీ సంగతికీ మధ్య వచ్చే ఊపిరిని వాద్యంలోంచే లోపలికి లాగితే ఆ నీరు తొలగుతుంది.