రక్తకణాల వంశవృక్షం, 4వ పాఠం: జబ్బు ఏ కణంలో మొదలైంది?

కిందటి పాఠంలో గీసిన బొమ్మను దగ్గర పెట్టుకోండి. ఒకే మూలకణం నుంచి మైలాయిడ్ (ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిల్స్ లాంటివి), లింఫాయిడ్ (బి, టి లింఫోసైట్లు లాంటివి) శాఖలు ఎలా చీలతాయో అందులో ఉంది. ఈసారి ల్యాబ్ రిపోర్టు పట్టుకుని దీర్ఘకాలిక లుకేమియా (నెమ్మదిగా ముదిరే రక్త క్యాన్సర్) పుట్టిన చోటుకి వెనక్కి నడుద్దాం.

ముందు సీఎంఎల్, అంటే మైలాయిడ్ శాఖలో కనిపించే దీర్ఘకాలిక లుకేమియా. స్లైడ్ నిండా న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు), వాటి పిల్లదశలైన మైలోసైట్లు కనిపిస్తాయి. చూడగానే న్యూట్రోఫిల్ జబ్బు అనేస్తాం. తొందరపడకండి. ఈ రోగుల కణాల్లో మామూలుకన్నా పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమ్‌ని 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ గుర్తించారు. అదే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల అది వస్తుందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. మనకి కావలసిన ఆధారం ఏమిటంటే, ఈ గుర్తు ఎర్రకణాల పూర్వదశల్లోనూ, ప్లేట్‌లెట్లను తయారుచేసే మెగాకార్యోసైట్లలోనూ దొరుకుతుంది. చాలామందిలో కొన్ని బి లింఫోసైట్లలో కూడా. బొమ్మలో ఈ కణాలన్నిటి నుంచీ పైకి గీతలు గీసుకుంటూ వెళ్ళండి. అన్నీ కలిసేది రక్త మూలకణం దగ్గరే. జబ్బు ముదిరి బ్లాస్ట్ దశకు (పరిణతి చెందని కణాలు, అంటే బ్లాస్టులు, విపరీతంగా పెరిగే దశకు) చేరినప్పుడు కొందరిలో లింఫాయిడ్ బ్లాస్టులు ఎందుకు పెరుగుతాయో కూడా ఇప్పుడు తెలిసిపోతుంది.

సీఎల్ఎల్‌లో, అంటే లింఫోసైట్ల దీర్ఘకాలిక లుకేమియాలో, దారి వేరు. ఫ్లో సైటోమెట్రీలో (కణాల మీది గుర్తులను లెక్కపెట్టే పరీక్షలో) సీడీ19, సీడీ5, సీడీ23 అనే గుర్తు ప్రోటీన్లు ఉంటే, అవి పరిణతి చెందిన బి కణాలు. తర్వాత లైట్ చైన్ చూడండి, ఇది బి కణం తయారుచేసే యాంటీబాడీలో ఒక భాగం, కప్పా, లాంబ్డా అని రెండు రకాలు. ప్రతి బి కణం కప్పా, లాంబ్డాల్లో ఒకటే పెట్టుకుంటుంది, దాని సంతానమంతా అదే మోస్తుంది. రిపోర్టులో రెండూ కలిసి మామూలు పాళ్ళలో ఉంటే అవి వేర్వేరు కణాల సంతానం. దాదాపు అన్నీ ఒకటే అయితే ఒకే కణం సంతానమని అనుమానించాలి. (బీజం మూలకణంలోనే పడి ఉండొచ్చని వాదించేవాళ్ళూ ఉన్నారు, ఆ గొడవ తర్వాత చూద్దాం.)

ఆఖరి మెట్టు ఐజీహెచ్‌వీ, అంటే యాంటీబాడీ హెవీ చైన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు. ఆ జన్యువు పుట్టుకతో వచ్చిన రూపంతో 98% లేదా అంతకన్నా ఎక్కువ సరిపోలితే మార్పులు లేనట్టు లెక్క. తక్కువైతే, ఆ కణం లింఫ్ గ్రంథుల్లోని జెర్మినల్ సెంటర్ (బి కణాలు తమ యాంటీబాడీ జన్యువుల్లో మార్పులు తెచ్చుకునే చోటు) గుండా వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. మార్పులు లేని రకం సాధారణంగా వేగంగా ముదురుతుంది, డాక్టర్లు ఈ అంకె అడిగేది అందుకే.

అభ్యాసం: సీడీ19, సీడీ5, సీడీ23 పాజిటివ్, కప్పా మాత్రమే, ఐజీహెచ్‌వీ సరిపోలిక 94%. మీ బొమ్మలో జెర్మినల్ సెంటర్‌కి ముందు వేలు పెడతారా, తర్వాతా? కారణం ఒక్క వాక్యంలో రాయండి.