పాత పేరు, కొత్త వాల్వు: కొనేటప్పుడు, బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

వైజాగ్‌లో షాపుకెళ్లి ‘ట్యూబు కావాలి’ అంటే ట్యూబ్‌లైటు తీస్తారు, ‘వాల్వు’ అంటే పైపుల కొట్టుకి దారి చెప్తారు. అందుకే యాంప్లిఫయర్ (యాంప్) లోపల సిగ్నల్‌ని పెంచే గాజు వాల్వులకి చాలామందికి ఆన్‌లైనే దిక్కు. అక్కడేమో మల్లార్డ్, టంగ్‌సోల్, జెనలెక్స్ గోల్డ్ లయన్ అని తాతల రేడియోల కాలం నాటి పేర్లన్నీ కొత్త డబ్బాల మీద మెరుస్తుంటాయి. నేనూ ఆ మెరుపుకే పడ్డాను. పాత ఇంగ్లండు సరుకనుకుని మురిసిపోతూ కొన్న మల్లార్డ్ జత రష్యాలో కొత్తగా చేసింది. అమ్మినతను అబద్ధమేమీ ఆడలేదు, పేరు చూసి కథంతా నేనే అల్లుకున్నాను.

ముందు పేరు పక్కన పెట్టి నంబరు చూడండి. యాంప్ మీదో మాన్యువల్‌లోనో ఏ నంబరుంటే అదే కొనాలి. ఈసీసీ83 అన్నా 12ఏఎక్స్7 అన్నా ఒకటే, ఈఎల్84కి అమెరికా పేరు 6బీక్యూ5. 12ఏయూ7 కూడా అదే సాకెట్‌లో కూర్చుంటుంది గానీ దాని గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే శక్తి, చాలా తక్కువ, కూర్చుంది కదా అని సరిపోయినట్టు కాదు.

తర్వాత అసలు ప్రశ్న: ఇది ఏ ఫ్యాక్టరీది? పాత మల్లార్డ్ వాల్వులకి పేరు తెచ్చింది ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్, గోల్డ్ లయన్ కూడా ఇంగ్లండుదే, టంగ్‌సోల్ అమెరికాలో న్యూజెర్సీది. ఇప్పుడు ఈ మూడు పేర్లూ న్యూయార్క్‌లోని న్యూ సెన్సర్ చేతిలో ఉన్నాయి, గిటార్ పెడల్స్ చేసే ఎలక్ట్రో-హార్మోనిక్స్ మైక్ మాథ్యూస్ కంపెనీయే అది. తయారీ మాత్రం రష్యాలోని సరాటోవ్‌లో. 2022 మార్చిలో రష్యా ఎగుమతులు ఆపేసరికి ఈ బ్రాండ్లన్నిటికీ ఒకేసారి కటకట వచ్చిందంటే కారణం అదే. అలాగని ఇవి నకిలీలు కావు, పేరు హక్కులు కొనుక్కునే అమ్ముతున్నారు. ఒకే ఫ్యాక్టరీ అయినా లోపలి ప్లేట్ల నిర్మాణం బ్రాండుని బట్టి మారొచ్చు, కాబట్టి చెవికి తేడా తెలిసినా ఆశ్చర్యం లేదు. నచ్చితే హాయిగా కొనుక్కోండి, కానీ కొత్త వాల్వుకి ఇచ్చే రేటే ఇవ్వండి.

ఎవరైనా ‘ఇది ఆ కాలం నాటిదే’ అంటే అడుగు భాగం ఫోటో అడగండి. పాత జర్మన్ బ్రాండు టెలిఫుంకెన్ ఈసీసీ83 అయితే పిన్నుల మధ్య గాజులోనే వజ్రం ఆకారం అచ్చు ఉంటుంది. పాత మల్లార్డ్‌కి గాజు కింది వైపు బూడిదరంగులో చిన్న కోడు కనిపిస్తుంది. పైన లోగో ఎవరైనా అచ్చేయగలరు. ఫోటో పంపడానికి నసిగితే వదిలేయండి. అన్నట్టు, బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కూడా ఒకప్పుడు వాల్వులు చేసేది, అటక మీద పాత రేడియో ఉంటే పాత సామాన్లవాడికి ఇచ్చేముందు ఓసారి వెనక మూత తీసి చూడండి.

పార్సిల్ రాగానే వీడియో తీస్తూ విప్పండి. గాజు లోపల వెండిలా మెరిసే పూత తెల్లగా, పాలలా మారిపోయి ఉంటే లోపలికి గాలి చేరినట్టే, వెంటనే తిప్పి పంపేయాలి. పవర్ వాల్వులైతే (స్పీకరుని నడిపేవి) మ్యాచ్ చేసిన జతే, అంటే కొలిచి ఒకేలా ఉన్నవి ఎంచిన జతే తీసుకోండి.

బిగించేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయాలి, పాత వాల్వులు చల్లారేదాకా ఆగాలి. యాంప్ అడుగు ప్లేటు మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీశాక కూడా కరెంటు దాచుకునే కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. పిన్నులు నిటారుగా ఉన్నాయో లేదో చూసి, తిన్నగా నొక్కండి, తిప్పి బలవంతం చేస్తే గాజు పగులుతుంది. బీచ్ దగ్గర ఇళ్లలో ఉప్పుగాలికి పిన్నులు నల్లబడతాయి, కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి.

వాల్వు ఖాళీగా ఉన్నప్పుడు దానిలో ఎంత కరెంటు పారాలో నిర్ణయించేది బయాస్. దాన్ని విడిగా సెట్ చేసే ఫిక్స్‌డ్ బయాస్ యాంప్ అయితే పవర్ వాల్వులు మార్చిన ప్రతిసారీ బయాస్ సెట్ చేయించాలి, అలవాటు లేకపోతే మెకానిక్‌కి ఇవ్వడమే మేలు. తనంతట తనే సర్దుకునే కేథోడ్ బయాస్ అయితే మామూలుగా ఆ గొడవ లేదు. స్పీకరు తగిలించకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయొద్దు. మొదటి పది నిమిషాలు పక్కనే కూర్చోండి. ఫిలమెంటు నారింజ రంగులో వెలగడం మామూలే, కానీ బయటి ప్లేటు ఎర్రబడుతుంటే ఆలోచించకుండా స్విచ్ ఆపేయండి. తీసిన పాత వాల్వులు పని చేస్తున్నవైతే తారీఖు రాసి అదే డబ్బాలో దాచండి, కొత్తవి మొరాయించిన రోజున తప్పు వాల్వుదో యాంప్‌దో తేల్చుకోవడానికి అవే పనికొస్తాయి.