ఎఫర్ట్ లెక్కలు, 4వ పాఠం: ఎవరి నెలలు ఎన్ని?

పోయిన పాఠంలోని లెక్క చాలామందిని ఇబ్బంది పెట్టింది. జీతాల పట్టిక వచ్చే వారం చూద్దాం, ముందు ఇది తేలాలి. ఎఫర్ట్ అంటే ఒకరు తమ పని సమయంలో ఒక ప్రాజెక్టుకి ఇచ్చే భాగం, దాన్ని నెలల్లో రాస్తాం.

అమెరికాలో 9 నెలల అపాయింట్‌మెంట్ ఉన్న ప్రొఫెసర్ ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) ప్రపోజల్‌లో అకడమిక్ ఇయర్ అంతా 20 శాతం, వేసవిలో ఒక నెల పూర్తిగా ఇస్తానన్నారు. ఎక్కువమంది 20 శాతాన్ని 12తో గుణించి 2.4 వేశారు. ఆ శాతం 9 నెలలకే వర్తిస్తుంది కాబట్టి 1.8 అకడమిక్ నెలలు, దానికి వేరుగా 1 సమ్మర్ నెల. ఫారంలో కాలెండర్ (12 నెలల ఉద్యోగానికి), అకడమిక్, సమ్మర్ గడులు వేర్వేరు, కాబట్టి రెండూ కలిపి 2.8 అని కాలెండర్ గడిలో వేయొద్దు. నేనైతే శాతం అంకెను (20 శాతమైతే 20ని) కాలెండర్‌కి 0.12తో, అకడమిక్‌కి 0.09తో, 3 నెలల సమ్మర్‌కి 0.03తో గుణించేస్తాను.

అసలు తంటా వారానికి 40 గంటలే పని అనుకోవడంతో వస్తోంది. 12 నెలల ఉద్యోగంలో ఉన్న సైంటిస్టు వారానికి 60 గంటలు పనిచేస్తాడు, అందులో 15 ఈ ప్రాజెక్టుకి. మీలో కొందరు 15ని 40తో భాగించి 37.5 శాతం, 4.5 నెలలు అన్నారు. మిగతా 45 గంటలనూ అలాగే భాగిస్తే 112.5 శాతం. మొత్తం 150 శాతం, అంటే ఏడాదికి 18 నెలలు! ఎఫర్ట్‌కి 40 గంటలు కొలమానం కాదు. ఆ మనిషి ఉద్యోగంలో చేసే పనంతా కలిపి 100. కాబట్టి 15/60, 25 శాతం, 3 కాలెండర్ నెలలు. ఎవరైనా 70 గంటలు చేసినా, 45 చేసినా 100 దాటదు.

పీఐకి, అంటే ప్రాజెక్టును నడిపే ప్రధాన పరిశోధకుడికి, సున్నా నెలలు కుదరవు. జీతం అడగకపోయినా ఎఫర్ట్ చూపాలి. జీతం ఎన్‌ఐహెచ్ పరిమితి దాటితే తగ్గేది డబ్బే, నెలలు కాదు. అందుకే నేను ముందు నెలలు ఖాయం చేసి, జీతం చివర్లో వేస్తాను. గ్రాంట్ వచ్చాక పీఐ నెలలు 25 శాతం గానీ, అంతకంటే ఎక్కువ గానీ తగ్గించాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. 3 నెలలు రాసి 2.25కి దిగినా అంతే. చేయగలిగినన్నే రాయండి.

అభ్యాసం: 9 నెలల ప్రొఫెసర్, వారానికి 50 గంటల పని, అందులో 10 ఈ ప్రాజెక్టుకి. వేసవిలో 2 నెలలు సగం సమయం. ఇప్పటికే ఇంకో గ్రాంట్ 1.5 సమ్మర్ నెలలు తీసుకుంటోంది. గడులన్నీ నింపండి, వేసవిలో ఇంకా ఎంత ఖాళీ ఉందో చెప్పండి. తర్వాత ఆయన ఆ సమయంలో చేసే పనిని, ఒక్క డాలర్ అంకె కూడా లేకుండా, మూడు వాక్యాల్లో సమర్థించండి.