విండోస్ 11 తీసి 10 వేయించే ముందు

పాత ప్రింటరు పలకడం లేదని చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో, ఒంగోలు షాపుల్లో విండోస్ 10 అడుగుతుంటారు. ముందు ఇవి చూసుకోండి.

లైసెన్సు: కంప్యూటర్‌తో వచ్చింది విండోస్ 11 ప్రో అయితే 10 ప్రో వేసుకునే హక్కు ఉంటుంది, అదీ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఉన్నంతవరకే. హోమ్‌కి లేదు. "యాక్టివేట్ చేసిస్తాలే అన్నా" అనే కుర్రాడిని ఏ లైసెన్సు కీతోనో అడగండి. బిల్లు లేని కీని నేనైతే నమ్మను.

సపోర్టు: విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే అదనపు పథకంలో విడిగా చేరాలి. బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌కి ఇది తప్పదు.

మీ కంప్యూటర్ మోడల్‌కి విండోస్ 10 డ్రైవర్లు (లోపలి భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్) కంపెనీ సైట్‌లో ఉన్నాయా?

డేటా బయటి డిస్కులోకి తీయండి. బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

విండోస్ 10 నుంచి 11కి అప్‌గ్రేడ్ అయి 10 రోజులు దాటకపోతే, సెట్టింగ్స్‌లో పాత విండోస్‌కి తిరిగి తీసుకెళ్లే ‘గో బ్యాక్’ ముందుగా ప్రయత్నించండి.